జెర్సీలో పుట్టినవాళ్లది ఏ దేశం?

జెర్సీ ఆవు పేరు తెలియని రైతు మన ఊళ్లలో ఉండడు. "మాది జెర్సీ క్రాసు" అని మురిపెంగా చెప్పుకునే ఇళ్లు వాడవాడకీ ఉంటాయి. ఆ జెర్సీ ఒక ద్వీపం. ఇంగ్లండుకు దక్షిణాన, ఫ్రాన్స్ తీరానికి 22 కిలోమీటర్ల దూరంలో, ఇంచుమించు 120 చదరపు కిలోమీటర్ల నేల. 2021 జనాభా లెక్కల్లో తేలినవాళ్లు 1,03,267 మంది. మన దగ్గరైతే ఓ మాదిరి పట్టణం అంత జనం.

1789లో ఆ ద్వీపం వాళ్లు ఒక చట్టం చేసుకున్నారు. బయటి పశువును పెంపకం కోసం తమ గట్టు మీద దింపకూడదని. తమ ఆవు జాతి కలగాపులగం కాకూడదని వాళ్ల పట్టుదల. ఆ కట్టడి రెండు శతాబ్దాలు దాటి నిలిచింది. 2008లో సడలించినప్పుడు కూడా లోపలికి రానిచ్చింది బయటి కోడెల వీర్యాన్నే. ఫ్రెంచి ఆవుకే కాదు, ఇంగ్లండు ఆవుకూ ఆ రేవులో అడుగుపెట్టే వీలు లేకపోయింది.

ఇంగ్లండు ఆవును గుమ్మంలోనే ఆపేసిన ఈ ద్వీపం ఇంగ్లండులో భాగమా? కాదు. యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగమా? అదీ కాదు. పోనీ స్వతంత్ర దేశమా? కానే కాదు. మరి అక్కడ పుట్టిన పిల్లకు ఏ పాస్‌పోర్టు ఇస్తారు? బ్రిటిష్ పాస్‌పోర్టే ఇస్తారు.

ఈ ద్వీపాల గురించి చదవడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఇక్కడే చిక్కుపడ్డాను. చిక్కు ఎక్కడుందో తెలియడానికి చాలా కాలం పట్టింది. నేల ఎవరిది, చట్టం ఎవరు చేస్తారు, ఇక్కడి మనిషి అని ఎవరిని అంటారు అనేవి మూడు వేరువేరు ప్రశ్నలు. మనకు ఆ మూడింటికీ ఒకే జవాబు పుట్టుకతో వచ్చేస్తుంది కాబట్టి, అవి మూడని కూడా తోచదు. పాస్‌పోర్టు చూపిస్తే అన్నీ తేలిపోయాయి అనుకుంటాం. స్వయంపాలన ఉన్న ఈ చిన్న ద్వీపాల్లో ఆ మూడు ముళ్లూ మూడు చోట్ల పడ్డాయి. ఒక్కో ద్వీపంలో ఒక్కో తీరుగా పడ్డాయి.

రాజు వేరు, రాజ్యం వేరు

జెర్సీ, గర్న్‌సీ, ఐల్ ఆఫ్ మాన్. ఈ మూడింటినీ క్రౌన్ డిపెండెన్సీలు అంటారు. రాజమకుటానికి చెందినవి తప్ప యూకే అనే రాజ్యానికి చెందినవి కావు. ఇది మాటల గారడీ కాదు, వెనక ఎనిమిది వందల ఏళ్ల చరిత్ర ఉంది.

జెర్సీ, గర్న్‌సీ ఒకప్పుడు నార్మండీ డ్యూకు ఏలుబడిలో ఉండేవి. 1066లో ఆ డ్యూకు విలియమే ఇంగ్లండును జయించి అక్కడ రాజయ్యాడు. ఆ లెక్కన చూస్తే, ఇంగ్లండు ఈ ద్వీపాలను గెలుచుకోలేదు. ద్వీపాలను ఏలే దొరే ఇంగ్లండును గెలుచుకున్నాడు. 1204లో జాన్ రాజు ఫ్రాన్స్ గడ్డ మీది నార్మండీని పోగొట్టుకున్నాడు. ద్వీపాలు మాత్రం అతని వైపే నిలిచాయి. అప్పటి నుంచి వాళ్లు తమ పాత నార్మన్ చట్టాలతో, తమ సొంత కోర్టులతో బతుకుతూ వచ్చారు. ఇప్పటికీ అక్కడి విందుల్లో బ్రిటన్ రాజు పేరిట గ్లాసెత్తేటప్పుడు "మా డ్యూకు" అంటారు.

ఐల్ ఆఫ్ మాన్ కథ వేరు. నార్వే రాజుల చేతిలోంచి 1266లో స్కాట్లండుకు, తర్వాత ఇంగ్లండు, స్కాట్లండు దొరల కుటుంబాలకు చేతులు మారి, చివరికి 1765లో బ్రిటిష్ ప్రభుత్వం 70,000 పౌన్లు పోసి ఆ ద్వీపం మీది ఏలుబడి హక్కును కొనేసింది. మన జమీందారీలు చేతులు మారినట్టే. అయినా వాళ్ల సభ టిన్‌వాల్డ్ కొనసాగింది. వెయ్యేళ్లు నిండాయని 1979లో పండగ చేసుకున్నారు. ఏటా జులైలో సెయింట్ జాన్స్ అనే ఊళ్లో నాలుగు మెట్లుగా పేర్చిన మట్టిదిబ్బ మీద సభ తీరుతుంది. ఆ ఏడాది చేసిన చట్టాల సారాంశాన్ని మాంక్స్ భాషలోనూ ఇంగ్లీషులోనూ చదివి వినిపిస్తారు. గోడు ఉన్నవాళ్లెవరైనా దిబ్బ దగ్గరికి వచ్చి అర్జీ ఇచ్చుకోవచ్చు. సొంత ఆస్తి ఉన్న ఆడవాళ్లకు ఓటు హక్కును ఆ ద్వీపం 1881లోనే ఇచ్చింది. లండన్ పార్లమెంటు ఎన్నికల్లో ఆడవాళ్లు ఓటు వేయడానికి ఆ తర్వాత మరో 37 ఏళ్లు పట్టింది.

రాజు వేరు, రాజ్యం వేరు అనే మాట తెలుగువాళ్లకు అంత కొత్తేమీ కాదు. 1947కు ముందు బెజవాడలో పుట్టినవాడు బ్రిటిష్ ప్రజ. వరంగల్లులో పుట్టినవాడు నిజాం ప్రజ. ఇద్దరి మీదా బ్రిటిష్ పెత్తనం ఉన్నా, బ్రిటిష్ వాళ్ల కాగితాల్లో వరంగల్లు మనిషి కేవలం తమ రక్షణలో ఉన్నవాడు, తమ ప్రజ కాదు. భాష ఒకటే, కృష్ణమ్మ ఒకటే, వియ్యాలూ ఉండేవి. చట్టం దృష్టిలో మాత్రం ఇద్దరూ వేరు.

నార్మన్ చట్టం ఎంత సజీవంగా ఉందో చెప్పడానికి ఒక్క దృశ్యం చాలు. జెర్సీలోగాని గర్న్‌సీలోగాని మీ స్థలంలో ఎవరైనా అన్యాయంగా గోడ పడగొడుతుంటే, లాయరు దగ్గరికి పరుగెత్తే ముందు చేయగలిగిన పని ఒకటుంది. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, సాక్షుల ఎదుట, ఫ్రెంచిలో "హారో! హారో! హారో! ఆదుకో నా ప్రభూ, నాకు అన్యాయం జరుగుతోంది" అని ఎలుగెత్తాలి. ప్రభువు అంటే ఆ నార్మండీ డ్యూకే. గర్న్‌సీలో అయితే పిమ్మట క్రైస్తవుల పరలోక ప్రార్థన ఫ్రెంచిలోనే చదవాలి. అంతే, కోర్టు తేల్చేదాకా పని ఆపాల్సిందే. 2018లో గర్న్‌సీలో సముద్రపు ఒడ్డు రోడ్డు పనిని ఆపమని ఒకరు నిజంగానే ఇలా మొరపెట్టుకున్నారు. ఈ మొరను గుర్తుంచుకోండి. చివర్లో దీనితో పని ఉంది.

పౌరసత్వానికి మాత్రం లోపలే

ఇక పౌరసత్వం సంగతి. యూకే 1981లో చేసిన జాతీయత చట్టం 1983 జనవరి 1 నుంచి అమలైంది. దాని చివర్లో, ఎవరూ పెద్దగా పట్టించుకోని నిర్వచనాల సెక్షన్లో ఒక వాక్యం ఉంది. ఈ చట్టం వరకు యునైటెడ్ కింగ్‌డమ్ అంటే గ్రేట్ బ్రిటన్, ఉత్తర ఐర్లండ్, ఈ ద్వీపాలు కలిపి అని. పన్నులకు, ఆసుపత్రులకు, ఎన్నికలకు యూకే బయట ఉన్న జెర్సీ, పౌరసత్వం దగ్గరికి వచ్చేసరికి యూకే లోపలికి వచ్చేస్తుంది. అందుకే జెర్సీలో పుట్టిన పిల్లకూ లివర్‌పూల్‌లో పుట్టిన పిల్లకూ పౌరసత్వం ఒకటే. పాస్‌పోర్టు అట్ట మీద మాత్రం జెర్సీ పేరు ఉంటుంది. ఇచ్చేది కూడా అక్కడ రాజు తరఫున ఉండే లెఫ్టినెంట్ గవర్నర్ పేరిటే.

ఒకటే అన్నాను గాని, దాదాపు 48 ఏళ్ల పాటు అది పూర్తిగా ఒకటి కాదు. 1973లో యూకే యూరోపియన్ కూటమిలో చేరేటప్పుడు ఈ మూడు ద్వీపాలకూ ఒక ప్రత్యేక ఒప్పందం కుదిరింది. దాన్నే మూడో ప్రోటోకాల్ అనేవాళ్లు. ద్వీపాల సరుకు యూరప్‌లోకి సుంకం లేకుండా వెళ్లవచ్చు, మనుషులకు మాత్రం అక్కడ స్థిరపడి పనిచేసే హక్కు లేదు. ఏ మనుషులకు? అసలు సిసలు ద్వీపవాసులకు. తాను గాని, తల్లిదండ్రుల్లో ఒకరు గాని, తాతల నాయనమ్మల అమ్మమ్మల్లో ఒకరు గాని యూకేలో పుట్టి ఉంటే ఆ మనిషికి ఈ అడ్డు లేదు. తాను అయిదేళ్లు యూకేలో కాపురం ఉన్నా లేదు. ఇవేవీ లేనివాళ్ల పాస్‌పోర్టులో యూరప్‌లో ఉద్యోగం, నివాసం హక్కులు వర్తించవని రాసి ముద్ర వేసేవాళ్లు.

దీని అర్థం ఏమిటో చూడండి. జెర్సీ రాజధాని సెయింట్ హెలియర్ పట్నంలో పక్కపక్క ఇళ్లలో ఇద్దరు కుర్రాళ్లు, ఇద్దరిదీ బ్రిటిష్ పౌరసత్వమే. ఒకడి అమ్మమ్మ సౌతాంప్టన్ నుంచి కోడలిగా వచ్చింది, వాడు పారిస్‌లో ఉద్యోగం చేసుకోవచ్చు. రెండోవాడి నాలుగు వైపులా ద్వీపం వాళ్లే, వాడికి ఆ వీలు లేదు. ఎంత ఎక్కువ జెర్సీవాడైతే అంత తక్కువ హక్కు. సొంతగడ్డకు అంటిపెట్టుకున్నందుకు శిక్ష పడ్డట్టుంది కదా. నాకైతే ఆ నిబంధన చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

2016లో యూరప్ నుంచి బయటికి రావాలా వద్దా అని యూకే ఓటింగు పెట్టింది. స్పెయిన్ దక్షిణ కొసన బ్రిటన్ ఏలుబడిలో ఉన్న జిబ్రాల్టర్ వాళ్లకు ఓటు ఇచ్చారు, ఈ మూడు ద్వీపాలకు లేదు. కాని ఫలితం వాళ్ల నెత్తి మీదా పడింది. 2020 డిసెంబరు 31తో మూడో ప్రోటోకాల్ ముగిసింది. 2021 మే 6న దాదాపు 60 ఫ్రెంచి చేపల పడవలు సెయింట్ హెలియర్ రేవు ముందు మోహరించాయి. జెర్సీ ఇచ్చిన కొత్త లైసెన్సుల షరతులు తమ పొట్ట కొడుతున్నాయని ఫ్రెంచి జాలర్ల గోడు. ఆ ద్వీపానికి కరెంటు దాదాపు అంతా సముద్రం అడుగున వేసిన కేబుళ్ల మీద ఫ్రాన్స్ నుంచే వస్తుంది, దాన్ని ఆపగలమని ఫ్రెంచి మంత్రి ఒకరు హెచ్చరించారు కూడా. లైసెన్సు ఇచ్చింది జెర్సీ ప్రభుత్వం. గస్తీ నౌకలను పంపింది లండన్. ఆ ఒక్క రోజు రేవు చూస్తే చాలు, ఎవరి అధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసిపోతుంది.

ముల్కీ ఎవరు, నాన్-ముల్కీ ఎవరు

పాస్‌పోర్టు ఒకటే అయినంత మాత్రాన లండన్ మనిషి జెర్సీలో తన ఇష్టమొచ్చినట్టు స్థిరపడిపోగలడా? లేదు. ఇక్కడే మూడో ప్రశ్న వస్తుంది, నా లెక్కలో అదే అసలు ప్రశ్న.

హైదరాబాద్ సంస్థానంలో 1919 నాటి ముల్కీ నిబంధనలు తెలిసినవాళ్లకు జెర్సీ వ్యవహారం ఇట్టే అర్థమవుతుంది. పదిహేనేళ్లు సంస్థానంలో నివాసం ఉంటే తప్ప ఇక్కడివాడని సర్కారు కొలువుకు లెక్కలోకి తీసుకునేవాళ్లు కారు. జెర్సీలో ఆ పని 2012 నాటి ఇళ్లు, ఉద్యోగాల నియంత్రణ చట్టం చేస్తుంది. కొత్తగా దిగినవాడు బ్రిటిష్ పౌరుడైనా సరే, వచ్చిన రోజే నచ్చిన ఇల్లు కొనుక్కోలేడు, నచ్చిన ఉద్యోగంలో చేరలేడు. అయిదేళ్లు ఉంటే ఉద్యోగానికి అడ్డు తొలగుతుంది. పదేళ్లు ఉంటే ఇంటికి. యజమాని ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకున్న నిపుణులకు, పెద్ద మొత్తంలో పన్ను కట్టగల ధనికులకు వేరే దారి ఉంది. గర్న్‌సీలో ఇళ్లనే రెండుగా విడదీశారు, కొన్ని ఎవరైనా కొనదగ్గవి, మిగతావి స్థానికులకు. ఐల్ ఆఫ్ మాన్‌లో ఉద్యోగానికి పర్మిట్ కావాలి.

వాళ్లను తప్పుపట్టే ముందు నేల ఎంతుందో చూడాలి. ఆదాయపు పన్ను 20 శాతం దాటని ద్వీపం అది. తలుపులు బార్లా తెరిస్తే లండన్ డబ్బున్నవాళ్లు ఒక్క తరంలో ద్వీపమంతా కొనేస్తారు. అక్కడి టీచరు, చేపలవాడు తమ పిల్లలకు ఇల్లు కొనివ్వలేక పడవ ఎక్కాల్సి వస్తుంది. ఆ భయం నిజమైన భయం. కాని కంచె రెండో వైపు కూడా చూడాలి. హోటళ్లలో గదులు తుడిచేవాళ్లు, బంగాళదుంప పొలాల్లో వంగి పనిచేసేవాళ్లు పోర్చుగల్‌కు చెందిన మదీరా ద్వీపం నుంచి, పోలండు నుంచి వచ్చినవాళ్లు. ఆ పదేళ్లూ ఇరుకు గదుల్లో అద్దె కడుతూ గడిపేది వాళ్లే. ధనికుడికి మాత్రం వేరే ద్వారం. స్థానికుల కోసం కట్టిన కంచె స్థానికుల కోసమే ఉండాలి గాని, జేబు బరువును బట్టి తెరుచుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

బాల్టిక్ సముద్రంలో ఫిన్లండుకు చెందిన ఆలాండ్ ద్వీపాల్లో ఇంకా తేటగా ఉంటుంది ఈ వ్యవహారం. బయటి నుంచి వచ్చినవాడు ఫిన్లండు పౌరుడే అయినా, అయిదేళ్లు అక్కడ ఉండి, స్వీడిష్ భాష వచ్చి ఉంటేనే ఆలాండ్ వాసి హక్కు. అది లేనివాళ్లకు అక్కడి సభ ఎన్నికల్లో ఓటు లేదు, భూమి సొంతం చేసుకోవడానికి ప్రత్యేక అనుమతి కావాలి. వదిలి వెళ్లి అయిదేళ్లయితే ఆ హక్కు పోతుంది కూడా.

సీటు లేని సభ

స్వయంపాలనకు ద్వీపాలు చెల్లించే వెల ఒకటుంది. లండన్ పార్లమెంటులో జెర్సీకి గాని, గర్న్‌సీకి గాని, మాన్‌కు గాని ఒక్క సీటు లేదు. యుద్ధం, విదేశీ ఒప్పందాలు, ఎవరు బ్రిటిష్ పౌరులో తేల్చే చట్టం, ఇవన్నీ ఆ సభలోనే నిర్ణయమవుతాయి. ద్వీపం చేసుకున్న చట్టం కూడా రాజు ఆమోదం పడ్డాకే చట్టమవుతుంది. ద్వీపాల ఇంటి వ్యవహారాల్లో వాళ్ల సమ్మతి లేకుండా వేలు పెట్టకూడదనేది ఆనవాయితీ. ఆనవాయితీయే, రాతకోతల హామీ కాదు. ద్వీపంలో పాలన సజావుగా ఉండేలా చూసే అంతిమ బాధ్యత రాజుది, అంటే ఆచరణలో లండన్ మంత్రులది.

ఈ లెక్క ఒక్కోసారి ద్వీపాల మంచికే తిరుగుతుంది. ఐల్ ఆఫ్ మాన్‌లో తప్పుచేసిన కుర్రాళ్లను బర్చ్ బెత్తాలతో కొట్టే శిక్ష చాలాకాలం ఉండేది. పదిహేనేళ్ల కుర్రాడికి పడ్డ అలాంటి శిక్ష మీద 1978లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు తీర్పు చెప్పింది, అది మనిషిని కించపరిచే శిక్ష అని. శిక్ష వేసింది మాన్ చట్టం, బోనులో నిలబడింది యూకే. బయటి ప్రపంచానికి జవాబుదారీ తనే కాబట్టి.

ఒక్కోసారి ఆ లెక్క ఘోరంగా తిరుగుతుంది. 1940 జూన్‌లో ఫ్రాన్స్ కూలిపోయాక, జెర్సీ గర్న్‌సీలను కాపాడటం దండగని లండన్ తేల్చుకుని సైన్యాన్ని వెనక్కి పిలిచింది. ఆ సంగతి జర్మనీకి చెప్పలేదు. జూన్ 28న గర్న్‌సీ రేవులో ఇంగ్లండు ఓడకు ఎక్కించాల్సిన టమాటాల లారీలు బారులు తీరి ఉన్నాయి. పైనుంచి చూసిన జర్మన్ విమానాలకు అవి సైనిక వాహనాల్లా కనిపించాయి. ఆ రోజు రెండు ద్వీపాల్లో కలిపి 44 మంది చనిపోయారు. అయిదేళ్లు జర్మన్ల ఆక్రమణ. 1944 డిసెంబరు చివర్లో వేగా అనే రెడ్‌క్రాస్ ఓడ ఆహారం పొట్లాలతో వచ్చేదాకా జనం అర్ధాకలితో గడిపారు. 1945 మే 9న విడుదల. తమను కాపాడాలో వద్దో తేల్చిన సభలో వాళ్ల తరఫున మాట్లాడే నోరు ఒక్కటీ లేదు.

వేరే జెండాల కింద

పసిఫిక్‌లో న్యూజిలాండ్ మరో దారి తొక్కింది. కుక్ ద్వీపాలు 1965లో, నియూ 1974లో న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా సంబంధం అనే పద్ధతిలో సొంత పాలన తెచ్చుకున్నాయి. వాళ్లు సొంతంగా విదేశీ ఒప్పందాలు చేసుకుంటారు. మన దేశం పసిఫిక్ ద్వీప దేశాలతో జరిపే సమావేశాల్లో ఈ రెండూ కూర్చుంటాయి. 2023లో అమెరికా వీటిని దేశాలుగా గుర్తించింది. ఐక్యరాజ్యసమితిలో మాత్రం సభ్యత్వం లేదు. ప్రజలందరూ న్యూజిలాండ్ పౌరులే. దాంతో ఆక్లండ్ విమానం ఎక్కడానికి ఎవరికీ అడ్డులేదు, ద్వీపాలు ఖాళీ అవుతూ వచ్చాయి. నియూలో ఇప్పుడు మిగిలింది దాదాపు 1,700 మంది, న్యూజిలాండ్‌లో ఉన్న నియూ వాళ్లు అంతకు ఎన్నో రెట్లు. ఇంత ఉదారమైన పౌరసత్వం ఒక ఊరిని ఎలా పలచబరుస్తుందో గల్ఫ్ దారి పట్టిన మన పల్లెలను చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అయితే కుక్ ద్వీపాలు ఒక్క విషయంలో పట్టు విడవలేదు. అక్కడ భూమిని అమ్మకూడదు. లీజుకివ్వవచ్చు, అదీ అరవై ఏళ్లకు మించకుండా.

కుక్ ద్వీపాల ప్రధాని మార్క్ బ్రౌన్ తమకు సొంత పాస్‌పోర్టు కావాలని కదిపితే ఏం జరిగిందో ఆలోచించదగ్గది. సొంత పాస్‌పోర్టు, సొంత పౌరసత్వం కావాలంటే ప్రజల ఓటుతో పూర్తి స్వాతంత్ర్యమే తీసుకోండి అని న్యూజిలాండ్ తెగేసి చెప్పింది. 2025 ఫిబ్రవరిలో ఆయన ఆ ఆలోచన మానుకున్నారు. చట్టాలు చేసుకోవచ్చు, రాయబారాలు నడుపుకోవచ్చు, పాస్‌పోర్టు దగ్గరికి వచ్చేసరికి గీత గీశారు.

అమెరికా కింద ఉన్న ద్వీపాల కథకు మూలం 1901 నాటి సుప్రీంకోర్టు తీర్పులు. స్పెయిన్ నుంచి లాక్కున్న పోర్టోరికో వంటి చోట్ల రాజ్యాంగం పూర్తిగా వర్తించదని, అక్కడివాళ్లు పరాయి జాతులని ఆ తీర్పుల్లో రాశారు. నూట ఇరవై ఏళ్లు దాటినా వాటిని కొట్టేయలేదు. పోర్టోరికో వాళ్లకు 1917లో అమెరికా పౌరసత్వం వచ్చింది. అయినా ద్వీపంలో ఉన్నంతకాలం అధ్యక్షుడి ఎన్నికలో ఓటు లేదు. విమానమెక్కి ఫ్లోరిడాలో కాపురం పెడితే వస్తుంది. అదే మనిషి, అదే పౌరసత్వం, నేల మారితే ఓటు పుడుతుంది.

అమెరికన్ సమోవా దగ్గర ఇంకొంచెం ఆగాలి. 1900లో, 1904లో అక్కడి పెద్దలు తమ దీవులను అమెరికాకు రాసిచ్చారు. ఇప్పుడక్కడ పుట్టినవాళ్లు అమెరికా జాతీయులు, పౌరులు కారు. పాస్‌పోర్టులోనే ఆ మాట అచ్చయి ఉంటుంది. అమెరికా సైన్యంలో చేరవచ్చు, కాలిఫోర్నియాలో జీవితాంతం ఉండవచ్చు, ఓటు మాత్రం వేయలేరు. వేయాలంటే విదేశీయుల్లాగే దరఖాస్తు పెట్టుకుని పౌరసత్వం తెచ్చుకోవాలి. యూటాలో స్థిరపడ్డ కొందరు సమోవన్లు ఇది అన్యాయమని దావా వేశారు. 2019లో కింది కోర్టులో గెలిచారు, 2021లో అప్పీలు కోర్టులో ఓడారు, 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. ఆ దావాలో ఎదుటి పక్షాన నిలిచినవాళ్లలో అమెరికన్ సమోవా ప్రభుత్వం కూడా ఉంది. మాకు ఆ పౌరసత్వం అలా వద్దు అని!

ఎందుకు వద్దన్నారు? నేల కోసం. అక్కడ తొంభై శాతానికి పైగా భూమి ఉమ్మడి భూమి. ఇంటి పెద్దగా ఎన్నుకున్న మతాయి చేతి మీదుగా కుటుంబమంతా అనుభవిస్తుంది. సగమైనా సమోవా రక్తం లేనివాళ్లకు ఆ భూమి దక్కకుండా చట్టం ఉంది. పౌరసత్వంతోపాటు అమెరికా రాజ్యాంగం నిండుగా దిగితే, అందరూ సమానమే అన్న సూత్రం కింద ఆ చట్టం కొట్టుకుపోతుందని వాళ్ల భయం. హవాయి వాళ్ల భూములు ఏమయ్యాయో వాళ్లు కళ్లారా చూశారు. యూటాలో పన్ను కడుతూ ఓటు లేక నలిగిపోతున్నవాళ్ల బాధా నిజమే, సమోవాలోని పాగో పాగోలో పొలం పోతుందని బెంగపడేవాళ్ల బాధా నిజమే. మన ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదన్న 1/70 చట్టం చుట్టూ జరిగిన కొట్లాటలు తెలిసినవాళ్లెవరూ ఈ రెండో బాధను తేలిగ్గా తీసిపారేయలేరు.

డెన్మార్క్ కింది ఫారో ద్వీపాలు, గ్రీన్‌లాండ్ గురించి ఒక్క మాట. ఇద్దరూ డేనిష్ పౌరులే. ఒక్కొక్కరికీ డేనిష్ పార్లమెంటులో రెండేసి సీట్లున్నాయి, జెర్సీకి లేనిది ఇదే. 2009 చట్టంలో గ్రీన్‌లాండ్ వాళ్లను ఒక ప్రత్యేక ప్రజగా గుర్తించి, స్వాతంత్ర్యం కావాలా అన్న నిర్ణయం వాళ్లదే అని రాశారు. విడిపోయే దారిని చట్టంలోనే రాసిపెట్టడం నా దృష్టిలో చాలా పెద్ద మర్యాద.

అడగని వాళ్లు

దేనివైపు ఉండాలో జనాన్నే అడగడం ప్రపంచంలో జరగని పనేమీ కాదు. యానాం, పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే 1962 ఆగస్టు 16న చట్టప్రకారం భారత్‌లో కలిసినప్పుడు అక్కడ పుట్టి అక్కడే ఉంటున్నవాళ్లకు ఆరు నెలల గడువు ఇచ్చారు, ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోదలిస్తే రాసివ్వమని. దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ కింద ఉన్న ఫాక్‌లాండ్ ద్వీపాల్లో 2013లో ఓటింగు పెడితే బ్రిటన్‌తోనే ఉంటామన్నవాళ్లు 1,513 మంది, వద్దన్నవాళ్లు ముగ్గురు. ఆ ఫాక్‌లాండ్ కోసమే 1982లో బ్రిటన్ ఎనిమిది వేల మైళ్ల దూరం నౌకాదళాన్ని పంపి అర్జెంటీనాతో యుద్ధం చేసింది. అప్పుడు అక్కడ ఉన్నది 1,800 మంది. 1981 చట్టం వాళ్లలో చాలామందికి పూర్తి బ్రిటిష్ పౌరసత్వం ఇవ్వలేదు. యుద్ధం అయ్యాక 1983లో ఇచ్చారు. మిగతా దూర ద్వీపాలకు 2002 దాకా ఆగాల్సి వచ్చింది.

హిందూ మహాసముద్రంలో చాగోస్ ద్వీపాల్లోనూ ఇంచుమించు అంతే మంది ఉండేవాళ్లు, పదిహేను వందల నుంచి రెండు వేల దాకా. ఆఫ్రికా నుంచి, మన దక్షిణ భారతం నుంచి కొబ్బరితోటల పనికి తీసుకొచ్చినవాళ్ల సంతానం. 1965లో మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వబోతూ బ్రిటన్ ఈ దీవులను విడదీసి అట్టేపెట్టుకుంది. పెద్ద దీవి డియేగో గార్సియాను అమెరికా సైనిక స్థావరానికి ఇచ్చింది. 1968 నుంచి 1973 లోపల మనుషులందరినీ ఓడలెక్కించి మారిషస్‌లో, సీషెల్స్‌లో దింపేసింది. వాళ్ల పెంపుడు కుక్కలను ఒక షెడ్డులో పెట్టి పొగతో చంపేశారు. ఫాక్‌లాండ్ వాళ్ల ఇష్టాన్ని కాపాడటానికి యుద్ధం చేసిన దేశమే ఇదంతా చేసింది. ఒకే రాజమకుటం, ఒకే శతాబ్దం. చాగోస్ వాళ్లకు సొంత సభ లేదు, కోర్టు లేదు, మొరపెట్టుకుంటే పని ఆగిపోయే పాత నార్మన్ చట్టం లేదు.

వాళ్లు కోర్టుకెక్కారు. 2000లో లండన్ హైకోర్టులో గెలిచారు. 2004లో ప్రభుత్వం పార్లమెంటుకు కూడా చూపకుండా, రాణి ప్రత్యేకాధికారం కింద ఒక ఉత్తర్వు తెచ్చి వాళ్లు తిరిగి వెళ్లే దారి మళ్లీ మూసేసింది. 2008లో ప్రభువుల సభ న్యాయమూర్తులు ముగ్గురు ఇద్దరుగా చీలి ఆ ఉత్తర్వును నిలబెట్టారు. "ఆదుకో నా ప్రభూ" అని గర్న్‌సీ మనిషి ఎవరి పేరిట పిలుస్తాడో, ఆ ప్రభువు పేరిటే ఈ ఉత్తర్వూ వెలువడింది. 2025 మేలో చాగోస్‌ను మారిషస్‌కు అప్పగిస్తూ రెండు ప్రభుత్వాలూ ఒప్పందం మీద సంతకం చేశాయి. చాగోస్ వాళ్లు అందులో ఒక పక్షం కారు.

లండన్ గాట్విక్ విమానాశ్రయం పక్కన క్రాలీ అనే ఊళ్లో ఇప్పుడు చాగోస్ కుటుంబాలు చాలా ఉన్నాయి. 2022 నవంబరు నుంచి ఆ దీవుల్లో పుట్టినవాళ్ల వారసులు బ్రిటిష్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, పెద్దవాళ్లకు అయిదేళ్ల గడువు. అలా పాస్‌పోర్టు అందుకున్న మనవడు లండన్‌లో ఎక్కడైనా ఇల్లు తీసుకోవచ్చు, పార్లమెంటుకు ఓటు వేయవచ్చు, పోటీ కూడా చేయవచ్చు. పెరోస్ బాన్యోస్ దీవిలో కొబ్బరిచెట్ల కింద ఉన్న ముత్తాతల సమాధులు చూసి రావాలంటే మాత్రం, ఆ పాస్‌పోర్టు చాలలేదు. ముందుగా అనుమతి కాగితం తెచ్చుకోవలసి వచ్చింది.